తోడు పెట్టిన బీరు

ఇంట్లో తోడు అయిపోతే ఏం చేస్తాం? చిన్న గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు తడతాం. దీపాలు పెట్టాక ఇవ్వరు, త్వరగా వెళ్లమని పెద్దవాళ్లు తొందరపెడతారు కూడా. ఆ చెంచాడు పెరుగే తెల్లారేసరికి గిన్నెడు పాలను తోడుకునేలా చేస్తుంది. రేపు వాళ్ల గిన్నె ఖాళీ అయితే మనింటి తోడు వాళ్లకి. పశ్చిమ నార్వేలోని హోర్నిన్‌డాల్ లోయలో బీరు కథ కూడా అచ్చం ఇదే! కాకపోతే అక్కడ ఇంటింటికీ చేతులు మారేది పెరుగు కాదు, ఈస్ట్.

ఇంకో విశేషం... ప్రపంచంలో దాదాపు ప్రతి బ్రూవరీలోనూ బీరు తయారీ అంటే గంటసేపు కళపెళా మరిగించాల్సిందే. హోర్నిన్‌డాల్ వాళ్లు మాత్రం అసలు మరగనివ్వరు. వేడి చేస్తారు, వడకడతారు, తోడు పెడతారు. అంతే. రెండు మూడు రోజుల్లో ఇరుగుపొరుగు వచ్చి వాలిపోతారు.

ఏడు కుతుబ్‌మినార్ల లోతు

నార్వే మ్యాపులో పడమటి అంచు చూడండి. సముద్రం చేతివేళ్లు చాపి కొండల్లోకి చొరబడినట్టు ఉంటుంది. ఆ వేళ్లే ఫియోర్డులు. ఓలెసుండ్ పట్నం నుంచి దక్షిణంగా బయల్దేరి, మధ్యలో ఫెర్రీ ఎక్కి, వోల్డా మీదుగా కొండను తొలిచిన సొరంగం దాటితే గ్రోడోస్ వస్తుంది. హోర్నిన్‌డాల్‌కి నడిబొడ్డు అదే. మొత్తం జనాభా 1200 దాకా ఉంటుంది. 2020 వరకూ దానికంటూ సొంత మున్సిపాలిటీ ఉండేది. ఆ ఏడాది వోల్డాలో కలిపేశారు.

ఊరిని ఆనుకుని ఉన్న సరస్సు పేరు హోర్నిన్‌డాల్స్‌వాట్‌నె. ఐరోపా మొత్తమ్మీద ఇంత లోతైన సరస్సు లేదు. 514 మీటర్లు! ఏడు కుతుబ్‌మినార్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా నీళ్లలో మునిగిపోతాయి. చుట్టూ నిటారు కొండలు, వాలులో పచ్చిక, అక్కడక్కడా విసిరేసినట్టు ఇళ్లు. యునెస్కో జాబితాకెక్కిన గైరాంగర్ ఫియోర్డు చూడటానికి ఓడల్లో వచ్చే వేలమంది ఈ లోయవైపు తొంగి చూడరు. చూసినా ఇక్కడి అసలు విశేషం వాళ్ల కంటబడదు. ఎందుకంటే అది ఇళ్ల వెనకాల ఉంటుంది.

ఈ ప్రాంతపు పాత పొలం ఇళ్లలో అసలింటికి కాస్త ఎడంగా చిన్న కట్టడం ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఎల్డ్‌హూస్ అంటారు. నిప్పు ఇల్లు అని అర్థం. రొట్టెలు కాల్చడం, బట్టలు ఉడకబెట్టడం, బీరు చేయడం... పెద్ద పొయ్యి అవసరమయ్యే పనులన్నీ అందులోనే. నిప్పు రవ్వ ఎగిరినా అసలిల్లు అంటుకోకుండా ముందుజాగ్రత్త అన్నమాట. అక్కడ పుట్టే బీరుని స్థానికులు కోర్న్‌ఓల్ అంటారు. అంటే ధాన్యపు బీరు.

రాగిమాల్ట్ తెలిసినవాళ్లకి...

బీరుకి మూలం మాల్ట్. ఇది మనకు కొత్తేం కాదు. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పొడి కొడితే రాగిమాల్ట్. అక్కడ బార్లీకి చేసేదీ అదే. మొలక వచ్చేటప్పుడు గింజలో ఎంజైములు తయారవుతాయి. మాల్ట్ నూకను 65 నుంచి 70 డిగ్రీల వేడినీళ్లలో గంటో రెండు గంటలో నాననిస్తే ఆ ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మార్చేస్తాయి. అలా వచ్చిన తియ్యటి రసమే వోర్ట్.

హోర్నిన్‌డాల్‌లో ఆ నీళ్లు కూడా మామూలు నీళ్లు కావు. జునిపెర్ అనే సూదుల్లాంటి ఆకులుండే చెట్టు కొమ్మలు కోసుకొచ్చి, గంగాళమంత పాత్రలో వేసి నీళ్లు కాగబెడతారు. అడవి వాసనతో నీళ్లు లేత గోధుమరంగుకి తిరుగుతాయి. అవే నూక మీద పోస్తారు. వడకట్టే తొట్టి అడుగున కూడా జునిపెర్ కొమ్మలే పరుస్తారు. వాటి సందుల్లోంచి రసం దిగుతుంది, పిప్పి పైన ఆగిపోతుంది. ఆ పిప్పి పశువుల దాణాకి పనికొస్తుంది.

ఇక్కడి నుంచే దారులు వేరవుతాయి. మామూలు బ్రూవరీ అయితే ఈ రసాన్ని పెద్ద కెటిల్‌లో పోసి గంటసేపు మరిగిస్తుంది. దానికి కారణాలూ గట్టివే. ఒకటి, సూక్ష్మజీవులు చస్తాయి. రెండు, మాంసకృత్తులు గడ్డకట్టి అడుగుకు దిగిపోతాయి కాబట్టి బీరు తేటగా వస్తుంది, ఎక్కువ రోజులు నిలవ ఉంటుంది. మూడు, హాప్స్ చేదు దిగుతుంది. హోర్నిన్‌డాల్ వాళ్లు ఈ మూడింటినీ పక్కనపెట్టి రసాన్ని నేరుగా చల్లార్చేస్తారు.

మరి పాడైపోదా? వెంటనే పోదు. పాలను పాశ్చరైజ్ చేయాలంటే 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే చాలు. మాల్ట్ రసం అంతకంటే ఎక్కువ వేడిలో అంతకంటే ఎక్కువసేపే ఉంటుంది. పులియడం మొదలయ్యాక ఆల్కహాలు, పులుపు కలిసి మిగతా కాపలా కాస్తాయి. కాకపోతే మాంసకృత్తులన్నీ అందులోనే ఉండిపోతాయి. అందుకే ఈ బీరు మసకగా, నోట్లో నిండుగా, కాస్త చిక్కగా ఉంటుంది. తాజా ధాన్యం రుచి తెలుస్తుంది. కొన్ని వారాలు గడిస్తే మాత్రం ఆ రుచి మొహం చాటేస్తుంది.

ఇలా మరిగించకపోవడం ఎవరో కనిపెట్టిన కొత్త కిటుకు కాదు. లోహపు పాత్రలు బంగారమంత ఖరీదున్న రోజుల్లో రైతు ఇంట్లో ఉండేవి చెక్క తొట్లే. చెక్క తొట్టిని పొయ్యి మీద పెట్టలేరు కదా! అందుకే రాళ్లను ఎర్రగా కాల్చి అందులో వేసి వేడిచేసేవాళ్లు. నార్వే పాత పొలాల్లో ఇప్పటికీ తవ్వినచోటల్లా అలా కాలి పగిలిన రాళ్ల కుప్పలు బయటపడుతుంటాయి.

పప్పు వేరు, తాలింపు వేరు

హాప్స్ అనేది ఓ తీగ మొక్క. దాని పూగుత్తుల్లో రేకుల అడుగున పసుపుపచ్చటి పొడి ఉంటుంది. బీరుకి చేదు, వాసన ఇచ్చేది అదే. నిలవ గుణం కూడా కొంత దానిదే. స్కాండినేవియాలో దాని విలువ ఎంతటిదంటే, స్వీడన్‌లో 1442 నాటి చట్టం ప్రతి రైతూ 40 హాప్స్ గుంజలు పాతి తీరాలని ఆదేశించింది. ఆ నిబంధన 19వ శతాబ్దం దాకా నడిచింది.

చిక్కేమిటంటే, హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు అలాగే వేస్తే పెద్దగా చేదెక్కవు, సరిగా కరగవు. బాగా వేడి తగిలి రూపం మారాలి. అందుకే గంటసేపు మరిగించడం. మరి వోర్ట్ మరిగించకుండా చేదెలా? మన వంటింట్లో దొరికే జవాబే దీనికీ సరిపోతుంది. పప్పు ఉడికేది వేరు, తాలింపు వేగేది వేరు. చివర్న రెండూ కలుస్తాయి. ఈ రైతులూ అంతే. హాప్స్‌ని కాసిని నీళ్లలోనో, కొద్దిపాటి వోర్ట్‌లోనో విడిగా మరిగించి, ఆ కషాయాన్ని గంగాళంలో కలుపుతారు. బాల్టిక్ సముద్రంలోని ఎస్టోనియా దీవి సారెమాలో ఇంటి బీరుకి పాటించే పద్ధతీ ఇలాంటిదే. కొందరైతే హాప్స్ సంచిని వోర్ట్ కారే చోట కట్టి, వేడి రసం దాని మీదుగా దిగేలా చేస్తారు. చేదు తక్కువ, వాసన ఎక్కువ.

సంప్రదాయ కోర్న్‌ఓల్‌లో హాప్స్ పాత్ర చిన్నదే. జునిపెర్ ముందుంటే ఇది వెనక నిలబడుతుంది. అయితే, ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం ఒప్పుకునే దేశాల్లో కొత్తతరం ఔత్సాహికులు ఇదే పద్ధతిలో హాప్స్ దండిగా వేసి చేస్తున్నారు. లెక్క సుమారుగా ఇదీ... 20 లీటర్ల బీరుకి 5 కిలోల మాల్ట్. 67 డిగ్రీల దగ్గర గంటకు పైగా నానబెట్టి వడకట్టాలి. ఇంకో పొయ్యి మీద 30 గ్రాముల హాప్స్‌ని రెండు లీటర్ల నీళ్లలో ముప్పావుగంట మరిగించాలి. రెండూ కలిపి, 75 నుంచి 80 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలు ఉంచి చల్లార్చి ఈస్ట్ వేయాలి. పొంగు తగ్గాక 50 గ్రాములకు పైగా పచ్చి హాప్స్‌ని నేరుగా అందులో వేయాలి. పప్పు దించాక పైన కొత్తిమీర చల్లినట్టన్నమాట! వేడి తగలదు కాబట్టి వాసన ఎగిరిపోదు. మసకగా, పళ్ల వాసనతో ఉండే బీర్లకి ఇప్పుడు అమెరికా నిండా గిరాకీ ఉంది. మరిగించని బీరుకి ఆ మసక పుట్టుకతోనే వస్తుంది.

(మన దగ్గర ఎవరూ ప్రయత్నించకండి సుమా! లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం తెలుగు రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల ప్రకారం నేరం. నార్వేలో ఇంట్లో చేసుకోవచ్చు, లైసెన్సు లేకుండా అమ్మకూడదు.)

పెద్దగా అరిచి మరీ!

ఇక తోడు సంగతి. ఇక్కడివాళ్లు తమ ఈస్ట్‌ని క్వైక్ అంటారు. నిప్పు రగిలించడం అనే అర్థమున్న పాత నార్స్ మాటకు ఇది చుట్టం. ఒకసారి బీరు పొంగుతున్నప్పుడు కొందరు పైన తేలిన నురగను, కొందరు అడుగున పేరుకున్న మడ్డిని తీసి దాస్తారు. పూర్వం చెక్కతో గొలుసుకట్టుగా చేసిన వలయాలను అందులో ముంచి, దూలానికి వేలాడదీసి ఆరబెట్టేవాళ్లు. చెక్కల సందుల్లో ఈస్ట్ ఎండిపోయి నెలల తరబడి నిద్రపోయేది. మళ్లీ అవసరమైనప్పుడు ఆ వలయాన్నే గోరువెచ్చటి వోర్ట్‌లో వేస్తే చాలు, లేచి కూర్చునేది. ఇప్పుడు ఆ పని ఫ్రిజ్‌లు, ఫ్రీజర్లు చేస్తున్నాయి. కొందరు బేకింగ్ కాగితం మీద పల్చగా పోసి అప్పడంలా ఎండబెడుతున్నారు.

దీని తీరే వేరు. మామూలు ఏల్ బీరు ఈస్ట్‌కి 20 డిగ్రీల చుట్టుపక్కల చల్లదనం కావాలి. వేడెక్కిందా, బీరు కంపుకొడుతుంది. క్వైక్‌కి 30 డిగ్రీలు దాటినా లెక్కలేదు. దక్షిణంగా ఉన్న వోస్ ప్రాంతంలో దాదాపు 40 డిగ్రీల దగ్గర వేస్తారు. మన మే నెల మధ్యాహ్నమన్నమాట! వేసిన కొన్ని గంటల్లోనే గంగాళం బుసబుసా పొంగుతుంది. రెండ్రోజుల్లో పని పూర్తి. హోర్నిన్‌డాల్ క్వైక్‌తో చేసిన బీరులో అనాస, మామిడి లాంటి పళ్ల వాసన వస్తుందంటారు తాగినవాళ్లు. మామిడిచెట్టు మొలవని మంచుకొండల్లో!

ఈస్ట్ వేసేటప్పుడు కొన్ని ఊళ్లలో గట్టిగా అరిచే ఆచారం ఉండేది. ఎంత గట్టిగా అరిస్తే బీరు అంత ఘాటుగా వస్తుందని నమ్మకం. తోడు ఎక్కడ చెడిపోతుందోనన్న భయం అందులో ఉంది. చెడిపోయిందా, పక్కింటికి వెళ్లి అడిగి తెచ్చుకోవాల్సిందే. అలా అడగడం, ఇవ్వడం వల్లే అది వందల ఏళ్లు బతికింది.

బీరు చేయకపోతే జరిమానా

ఇదంతా తాగుడు గోలేనా అనిపించవచ్చు. అక్కడి చరిత్ర చూస్తే అది మర్యాద, మొక్కు, బంధుత్వం అన్నీ కలగలిసిన వ్యవహారమని తెలుస్తుంది. పశ్చిమ నార్వేలో మధ్యయుగాల్లో అమలైన గులథింగ్ చట్టం ప్రకారం ప్రతి రైతూ క్రిస్మస్‌కి బీరు చేసి, క్రీస్తుకూ మేరీమాతకూ మొక్కుకుని నలుగురితో పంచుకోవాలి. చేయకపోతే బిషప్‌కి జరిమానా కట్టాలి. వరుసగా మూడేళ్లు ఎగ్గొడితే ఆస్తి జప్తు. పశ్చాత్తాపంతో తప్పు సరిదిద్దుకోకపోతే దేశం విడిచి పోవాల్సిందే!

పెళ్లికి బీరు, పండక్కి బీరు, గడ్డికోతలకి బీరు. చావుకీ బీరే. అంత్యక్రియల తర్వాత బంధువులు కూర్చునే విందుని నార్వే భాషలో గ్రావ్‌ఓల్ అంటారు. అక్షరాలా సమాధి బీరు. బోనాల్లో అమ్మవారి ముందు కల్లు సాక పోసే తెలంగాణ పల్లెవాసికి ఇందులో వింతేమీ కనిపించదు.

బీరు పులిసి, పీపాలోకి ఎత్తే రోజున జరిగే చిన్న వేడుకని ఒప్‌స్కోకె అంటారు. ఎవరింట్లో పొయ్యి వెలిగిందో లోయంతా తెలిసే ఉంటుంది. కాబట్టి పెద్దగా పిలుపులు అక్కర్లేదు. ఇరుగుపొరుగు వస్తారు, ఇంకా కాస్త తీపి, కాస్త పొంగు ఉన్న బీరు తాగుతారు, బాగోగులు చెబుతారు. ఎవరికైనా క్వైక్ పోయి ఉంటే, వెళ్లేటప్పుడు ఓ సీసాలో పోయించుకెళతారు.

తోడు పోగొట్టుకున్న ఊళ్లు

హోర్నిన్‌డాల్‌లో మిగిలింది చాలాచోట్ల మిగల్లేదు. సీసా బీరు చవకైంది. దుకాణంలో రొట్టెల ఈస్ట్ దొరకడం మొదలైంది. రెండ్రోజులు పొయ్యి దగ్గర నిలబడే తీరికా పోయింది. 1950ల్లో నార్వే జానపద పరిశోధకులు ఊరూరికీ ప్రశ్నావళులు పంపి, ఇంటి బీరు గురించి వచ్చిన జవాబులు పోగుచేశారు. వాటి ఆధారంగా ఓడ్ నోర్ద్‌లాన్ రాసిన పుస్తకం 1969లో వచ్చింది. అప్పటికే చాలామంది చెప్పింది ‘మా నాన్న చేసేవాడు, తాత చేసేవాడు’ అన్న జ్ఞాపకాలే.

ట్రాన్‌హైమ్ విమానాశ్రయం ఉన్న స్త్యోర్‌డాల్ సంగతే తీసుకోండి. బీరు చేసే అలవాటు అక్కడ చెక్కుచెదరలేదు. మాల్ట్ కూడా ఊళ్లోనే చేసుకుంటారు, ఆల్డర్ కట్టెల పొగ మీద ఆరబెట్టి. కానీ వాళ్ల పాత ఈస్ట్ పోయింది. ఇప్పుడు దుకాణంలో కొన్న రొట్టెల ఈస్ట్ వేస్తారు. పాలున్నాయి, గిన్నె ఉంది, అమ్మమ్మ కాలం నాటి తోడు మాత్రం లేదు! ఒక్కసారి ఊళ్లో ఆఖరి గిన్నె కూడా కడిగేశాక దాన్ని ఏ పుస్తకం చదివి తెచ్చుకోగలరు?

ఈ ప్రశ్నే లార్స్ మారియుస్ గార్శోల్‌ని కదిలించింది. వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. సెలవుల్లో నార్వే, లిథువేనియా పల్లెల్లో ముసలి బీరు తయారీదార్ల ఇళ్లకు వెళ్లి, పక్కన నిలబడి చూసి రాసుకున్నాడు. ఇళ్లలో దొరికిన క్వైక్ నమూనాలను ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో ఉన్న జాతీయ ఈస్ట్ భాండాగారానికి పంపాడు. 2018లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, క్వైక్ అనేది మిగతా బీరు ఈస్ట్‌లకు భిన్నమైన ప్రత్యేక కుటుంబం! తరతరాలుగా రైతులు ఎండబెట్టి, వేడిలో వేసి, బాగున్నదాన్నే దాచుకుంటూ పెంచిన జాతి అది. గార్శోల్ పుస్తకం 2020లో అమెరికాలో అచ్చయింది.

ఇప్పుడు క్వైక్ ఉత్తర అమెరికా ల్యాబుల నుంచి ప్యాకెట్లలో వస్తోంది. పల్లెటూరి తోడు ప్రపంచ యాత్రకి బయల్దేరింది. సంతోషమే. కాకపోతే చిన్న తేడా ఉంది. రైతు గిన్నెలో ఉండేది ఒక్క ఈస్ట్ కాదు, అనేక రకాల కాపురం. ప్యాకెట్లో చాలాసార్లు ఉండేది వాటిలో ఏరిన ఒక్కటే.

దారిలో ఇంకొందరు చుట్టాలు

మరిగించని బీరు హోర్నిన్‌డాల్ సొంతమేం కాదు. ఫిన్లాండ్‌లో సాహ్తీ ఉంది. రై ధాన్యం కలిపి, తొలిచిన దుంగలో వడకట్టి, రొట్టెల ఈస్ట్‌తో పులియబెడతారు. అరటిపండు వాసన వస్తుంది. 2002లో ఐరోపా సమాఖ్య ఆ పేరుకి సంప్రదాయ వంటకంగా రక్షణ ఇచ్చింది. లిథువేనియాలో కెప్తినిస్ అనే రకానికి మాల్ట్ ముద్దని రొట్టెలా పొయ్యిలో కాలుస్తారు. బాల్టిక్ చుట్టూ ఇలాంటి ఇళ్లు అక్కడొకటి, ఇక్కడొకటి మిగిలాయి.

హోర్నిన్‌డాల్ వాళ్లు దాచుకుని కూర్చోలేదు. 2016లో తమ ఊళ్లోనే కోర్న్‌ఓల్ పండగ మొదలుపెట్టారు. శరదృతువులో, ఎండ పలచబడి కొండల మీద తొలి మంచు పడే వేళకి, చుట్టుపక్కల లోయలవాళ్లు పీపాలు మోసుకొచ్చారు. ఈ బీరుతో పరిచయం కావాలంటే అలాంటి రోజు చూసుకుని వెళ్లడమే దారి. సూపర్‌మార్కెట్ అరల్లో ఇది ఉండదు. ఉండలేదు కూడా. మన తాటికల్లులాగే పుట్టిన చోటే, పుట్టిన వారంలోనే తాగాల్సిన సరుకు.

ఆ బలహీనతే దాన్ని ఇన్నాళ్లూ కాపాడిందేమో! నిలవ ఉండదు కాబట్టి ఒక్కడే దాచుకుని తాగలేడు. గంగాళమంత చేసినవాడు నలుగుర్ని పిలవక తప్పదు. పిలిచిన నలుగురూ మళ్లీ తమ ఇంట్లో పొయ్యి వెలిగించక తప్పదు. నార్విచ్‌లో ఫ్రీజర్ నిండా ఈస్ట్ భద్రంగానే ఉంది. ఒప్‌స్కోకెని దాచే ఫ్రీజర్ మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. దానికి గ్రోడోస్ చుట్టూ పొయ్యిలు వెలుగుతూ ఉండాల్సిందే.